గుంట పేరున్న పేటలో మ్యాపు గొడవ

మా పెదనాయన రెవెన్యూలో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. కొలత గొలుసు పట్టుకుని చిత్తూరు జిల్లాలో సగం పల్లెలు తిరిగిన మనిషి. మా చెల్లెలు జిఐఎస్, అంటే కంప్యూటరు మ్యాపుల విద్య, చదివి నగరాల మ్యాపులు చేసే ఉద్యోగంలో ఉంది. ఇంట్లో అందరికీ ఆమె అమ్మణ్ణే. ఎప్పుడు కలిసినా ఈ ఇద్దరికీ పడదు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక, కొర్లగుంటలో మా మిద్దె మీద, ఈ గొడవ పద్ధతిగా తేల్చుకుందామని మధ్యలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. అంశం: "తిరుపతిని సరిగ్గా ప్లాన్ చేయాలంటే ఊరంతా ఎప్పటికప్పుడు తెర మీద కనిపించాలి." అమ్మణ్ణి అవునంటుంది, పెదనాయన కాదంటాడు. చెరో అయిదు నిమిషాలు అని రూలు పెట్టాను. అది మొదటి మాటకే పోయింది.

అమ్మణ్ణి: నువ్వు ఒక్కో సర్వే నంబరుకు హద్దుల కొలతలతో ఒక్కో ఎఫ్‌ఎంబీ కాగితం గీసేవాడివి కదా పెదనాయనా. ఇంటి పన్ను రిజిస్టరు ఇంకో ఆఫీసులో, నీళ్ల పైపుల ప్లాను ఇంజనీరు బీరువాలో, కాలువల డ్రాయింగు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. జిఐఎస్‌లో ఇవన్నీ ఒకే నేల మీద పరిచిన పొరలు. "కాలువకు పది మీటర్ల లోపల, చుట్టుపక్కల కన్నా పల్లంలో ఉన్న ఇళ్లు ఎన్ని?" అని అడిగితే నిమిషంలో చెప్తుంది. అదే మీ బీరువాలను అడిగితే ఆరు నెలలు.

పెదనాయన: నన్నడుగు, నిమిషం కూడా పట్టదు. కొర్లగుంట, గొల్లవానిగుంట, కొరమేనుగుంట, తాతయ్యగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు. 2021 నవంబరు వానలకు గొల్లవానిగుంటలో, కొరమేనుగుంటలో ఇళ్లలోకి నీళ్లు రాలేదా? కొరమేనులు ఈదిన చోట ఇల్లు కట్టి, నీళ్లెందుకొచ్చాయని శాటిలైటును అడుగుతున్నాం.

అమ్మణ్ణి: లక్ష్మీపురం సర్కిల్‌కూ వచ్చాయి. ఆ పేరులో ఏ గుంట ఉంది?

పెదనాయన: ...

(ఇక్కడ ఆయన మంచినీళ్ల చెంబు అందుకున్నాడు. నేను అమ్మణ్ణికి ఒక మార్కు వేశాను.)

అమ్మణ్ణి: పేరు చోటు చెప్తుంది, ఎంత లోతో చెప్పదు. తిరుమల సముద్ర మట్టానికి 850 మీటర్ల పైన ఉంది, తిరుపతి సుమారు 160 మీటర్ల దగ్గర. కొండ పాదం నుంచి ఊరి నడిమికి మూడు కిలోమీటర్లు అనుకో. కాలువలో నీళ్లు సెకనుకు రెండు మీటర్లు పరుగెత్తితే 25 నిమిషాల్లో వచ్చేస్తాయి. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు. సగం ఇంకిపోయినా మిగతా సగం మన మీదికే. కపిలతీర్థం, మాల్వాడి గుండం జలపాతాలు చూడ్డానికి జనం ఎగబడతారు కానీ, ఆ నీళ్లు తర్వాత ఏ వీధిలో దూరతాయో ఎవరు చూస్తారు? కొండ మీద ఒక వానమీటరు, కాలువలో మట్టం చెప్పే సెన్సరు, రెండూ మ్యాపుకు కలిపితే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి నిండకముందే మూయొచ్చు. రియల్ టైమ్ అంటే నాకు ఆ 25 నిమిషాలే.

పెదనాయన: మరి అందరూ శాటిలైటు, శాటిలైటు అంటారేంది?

అమ్మణ్ణి: 2019లో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-3కి పావు మీటరు వస్తువు కూడా కనిపిస్తుంది. మన జిల్లా నుంచే పోయింది.

పెదనాయన: అప్పుడది నెల్లూరు జిల్లా. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. హద్దుల విషయంలో నాకు చెప్పొద్దు.

అమ్మణ్ణి: సరే, నెల్లూరు జిల్లా నుంచే.

పెదనాయన: ఇంకో మాట చెప్పు. వాన పడేటప్పుడు పైన మబ్బుంటుంది కదా. మీ పావు మీటరు కన్ను మబ్బు చీల్చుకుని చూస్తుందా?

అమ్మణ్ణి: అది చూడలేదు. దానికి రాడారు శాటిలైట్లు వేరే ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 అలాంటిదే, మబ్బున్నా రాత్రయినా పనిచేస్తుంది.

పెదనాయన: అది తిరుపతి నెత్తిన నిలబడి ఉంటుందా?

అమ్మణ్ణి: ఉండదు. తిరుగుతూ ఉంటుంది. మళ్లీ మన మీదికి రావడానికి రోజులు పడుతుంది. పైగా ఇరుకు వీధుల్లో గోడల మధ్య నీళ్లను రాడారు సరిగ్గా పట్టుకోలేదు. వరద పోయాక ఎంతమేర మునిగిందో చూడ్డానికి పనికొస్తుంది కానీ...

పెదనాయన: రాసుకో నాయనా. వాన రోజున శాటిలైటుకు మన ఊరు కనపడదు.

(రాసుకున్నాను. నిజానికి ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. టీవీలో తిప్పి తిప్పి చూపించే ఆ రంగుల బొమ్మలన్నీ అప్పటికప్పుడు తీసినవే అనుకునేవాణ్ని.)

అమ్మణ్ణి: అందుకే వానమీటరు, సెన్సరు అన్నాను. ఊరి నేల ఎత్తుపల్లాలు డ్రోనుతో ఒకసారి కొలిచి పెట్టుకుంటే చాలు, రోజూ మారేవి కావు. రోజూ మారేది నీళ్లు, జనం. 2011 లెక్కల్లో నగరపాలక పరిధిలో 2.87 లక్షల మంది. కొండకు వచ్చే యాత్రికులు రోజుకు అరవై డెబ్బై వేలు, సెలవుల్లో ఇంకా ఎక్కువ. వాళ్లు తాగే నీళ్లు, వాళ్ల బస్సులు, వాళ్ల చెత్త ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండవు. ఇరవై ఏళ్లకు ఒకసారి గీసే మాస్టర్ ప్లాను వాళ్లను ఎలా పట్టుకుంటుంది?

పెదనాయన: అది ఒప్పుకుంటా.

(ఒప్పుకున్నాడు! ఆ వెంటనే కెమెరాల మీద పడ్డారు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది కదా, వీధివీధినా కళ్లు పెడితే ఎట్లా అని ఆయన. గుంపును లెక్కపెట్టడానికి ముఖాలు గుర్తుపట్టే పని లేదని ఈమె. అరగంట సాగింది. అన్ని ఊళ్లలోనూ ఉన్న గొడవే కాబట్టి వదిలేస్తున్నాను.)

పెదనాయన: ఇప్పుడు హద్దుకు వద్దాం. అమృత్ పథకం కింద 500 పట్టణాలకు జిఐఎస్ మాస్టర్ ప్లాన్లు అన్నారు కదా, ఎంత స్కేలు?

అమ్మణ్ణి: ఒకటికి నాలుగు వేలు.

పెదనాయన: అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు, నేల మీద నాలుగు మీటర్లు. గీత మందం అర మిల్లీమీటరు ఉంటే అదే రెండు మీటర్లు. మన ఊళ్లో రెండు మీటర్ల సందులున్నాయి. సందు మొత్తం గీత కింద దాక్కుంటుంది. ఇక ఫోనులో జీపీఎస్ చుక్క ఆకాశం బాగున్నా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. పన్నెండు మీటర్ల పొడుగున్న ప్లాటు హద్దును అయిదు మీటర్లు జరిపావనుకో, 60 చదరపు మీటర్లు. మన లెక్కలో 36 చదరపు అడుగుల అంకణం చొప్పున దగ్గర దగ్గర 18 అంకణాలు. తిరుపతిలో 18 అంకణాలు ఎంతో నీకు తెలుసా? అన్నదమ్ములు కోర్టుకెక్కేది దాంట్లో పదో వంతుకు.

అమ్మణ్ణి: ఫోనుతో హద్దులు ఎవరూ కొలవరు పెదనాయనా. దానికి రోవర్ అని సెంటీమీటర్ల లెక్కలో చెప్పే జీపీఎస్ యంత్రం వేరే ఉంది. రోవర్‌తో కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లలో వస్తుంది. నీ గొలుసుకు అంత వచ్చేదా?

పెదనాయన: రాదు. కానీ నేను కొలిచేటప్పుడు పక్క రైతు, వాడి పక్క రైతు, తలారి, అందరూ నిలబడి ఉండేవాళ్లు. "ఇదీ హద్దు" అని వాళ్లు ఒప్పుకున్నాకే రాయి పాతేవాణ్ని. మీ రెండు సెంటీమీటర్లు ఎవరు ఒప్పుకున్న హద్దుకు? తప్పు హద్దును రెండు సెంటీమీటర్ల ఖచ్చితంతో కొలిస్తే, ఇక దాన్ని దిద్దే మొగాడు ఉండడు. కంప్యూటరు చెప్పింది అంటారు.

అమ్మణ్ణి: (కాసేపాగి) ఇది నిజమే. మాకూ జరిగింది. ఒక ఊళ్లో చెత్త బండ్లకు జీపీఎస్ పెట్టారు, చెత్త తీసుకున్నప్పుడు స్కాన్ చేయమని ఇంటింటికీ కోడ్ అంటించారు. తెర మీద వీధులన్నీ పచ్చగా కనిపిస్తున్నాయి. నేను వెళ్లి చూస్తే చెత్త అక్కడే ఉంది. కోడ్‌లన్నీ ఫొటోలు తీసి పెట్టుకుని, టీ అంగడి దగ్గర కూర్చుని స్కాన్ చేస్తున్నారు.

పెదనాయన: నేను చెప్పనక్కర్లేకుండా నువ్వే చెప్పావు.

అమ్మణ్ణి: పూర్తిగా విను. ఆ దొంగతనాన్ని పట్టించింది కూడా మ్యాపే. అరవై ఇళ్ల స్కాన్లు ఒకే చుక్క దగ్గర కుప్పగా పడ్డాయి. కాగితం రిజిస్టరులో అరవై టిక్కులు పెట్టి ఉంటే నువ్వు పట్టుకునేవాడివా?

పెదనాయన: ...పట్టుకుంటే ఏం చేశారు?

అమ్మణ్ణి: రిపోర్టు ఇచ్చాను.

పెదనాయన: ఆ తర్వాత?

అమ్మణ్ణి: బదిలీలయ్యాయి. రిపోర్టు ఫోల్డరులో ఉంది.

పెదనాయన: నా గొడవంతా ఇక్కడే అమ్మా. స్మార్ట్ సిటీ అని 2015లో మొదలుపెట్టి వంద నగరాల్లో కంట్రోల్ రూములు కట్టారు. మన ఊరు 2016లోనే ఆ జాబితాలోకి ఎక్కింది. గోడ నిండా తెరలు. దాంట్లో కనిపించింది ఎవరికి చెప్పాలి, చెప్తే ఎవరు లేచి వెళ్లాలి అనేది గోడ మీద రాసి ఉందా? కాలువ మీద స్లాబు వేసి అంగడి పెట్టినవాడు తెరలో కనిపించకపోవడం వల్ల అక్కడ ఉన్నాడా? రోజూ ఆ దారినే పోయే ప్రతి ఆఫీసరుకూ కనిపిస్తాడు.

అమ్మణ్ణి: కనిపించినా, "నాకు తెలియదు" అనొచ్చు. మ్యాపులో తేదీతో సహా ఉంటే ఆ మాట అనలేరు. నాకు కావాల్సింది అంతే. ఇంకొకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ఏ కల్వర్టు కింద ఎంత తూము ఉందో, ఏ కాలువ ఎటు మళ్లించారో అంతా నీ బుర్రలో ఉంది. నీకు డెబ్బై దాటాయి. నీ తర్వాత ఎవరిని అడగాలి?

(పెదనాయన చాలాసేపు మిద్దె అంచు వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మణ్ణి కూడా ఆ మాట అననట్టుంటే బాగుండుననే ముఖం పెట్టింది.)

పెదనాయన: డ్రోను ఎగరేసే ముందు ఒక్కడైనా మా ఇంటికి వచ్చి అడిగాడా?

అమ్మణ్ణి: రాలేదు. అది మా తప్పే.

పెదనాయన: సరే, నా దగ్గరున్నదంతా చెప్తా. కానీ ఒక షరతు. ఎఫ్‌ఎంబీ నకలు చలానా కట్టిన ఎవరికైనా ఇచ్చేవాళ్లం. మీ ముంపు మ్యాపు కూడా అట్లాగే జనానికి ఇవ్వాలి. ప్లాటు కొనబోయేవాడు రిజిస్ట్రేషనుకు ముందే చూసుకోవాలి. ఆఫీసరు గదిలో మాత్రమే వెలిగేదైతే నాకొద్దు.

అమ్మణ్ణి: మ్యాపులు చేయడానికీ పంచుకోవడానికీ ఉన్న ఆంక్షలు 2021 ఫిబ్రవరి నుంచి బాగా సడలాయి. కానీ... ముంపు లేయరు అంత తొందరగా బయట పెట్టలేం.

పెదనాయన: ఏం, రియల్ ఎస్టేటు వాళ్లంటే భయమా?

అమ్మణ్ణి: కాదు. నువ్వు చెప్పిన రెండు మీటర్ల గీత. ఆ గీత తప్పయి, బతుకంతా కూడబెట్టి కట్టుకున్న ఒకాయన ఇల్లు ముంపు లోపల పడితే? బ్యాంకు లోను ఇవ్వదు, కొనేవాడు రాడు. రేపు గీత సరిచేస్తాను, ఆయన పోగొట్టుకున్నది ఎవరిస్తారు?

పెదనాయన: దాచిపెడితే? తెలియక కొన్నవాడి ఇల్లు మునిగితే?

అమ్మణ్ణి: ...

(ఇద్దరూ నా వైపు చూశారు. నాకు మాత్రం ఏం తెలుసు! తప్పులున్నాయని పెద్దక్షరాలతో రాసి, సరిచేయమని అడిగే దారి కూడా పెట్టి బయట పెట్టడమే మేలని నాకనిపిస్తుంది. మా ఇల్లు గుంట పేరున్న పేటలోనే ఉందని గుర్తొచ్చి నోరెత్తలేదు.)

పెదనాయన: నీ ట్యాబ్ ఇటు ఇవ్వు. ఈ చెరువుకు నీలం గీత ఎట్లా గీశారు?

అమ్మణ్ణి: శాటిలైటు బొమ్మ చూసి. నీళ్లున్నంత మేర.

పెదనాయన: ఏ నెల బొమ్మ?

అమ్మణ్ణి: మే.

పెదనాయన: మే నెలలో చెరువులో ఏముంటుంది, బర్రెలు తప్ప! చెరువంటే నీళ్లున్న చోటు కాదమ్మా. నిండి మొరవ పోయేటప్పుడు, అంటే అలుగు మీద పొర్లేటప్పుడు, ఎంత మట్టం ఉంటుందో, ఆ మట్టానికి తగిలే నేలంతా చెరువే. ఎఫ్‌టీఎల్ అని మీరంతా అనేది అదే. ఇక్కడ చూడు, నీ గీతకు బయట ఎంత చెరువు మిగిలిపోయిందో. రేపు ఎవడో నీ మ్యాపే చూపించి అక్కడ లేఅవుటు వేస్తాడు.

అమ్మణ్ణి: మొరవ రాయి మట్టం తెలిస్తే, ఆ ఎత్తున్న నేలను కలిపే కాంటూరు గీతతో ఇప్పుడే గీసేస్తా. మట్టం ఎంత?

పెదనాయన: నోటితో చెప్తే నువ్వు నమ్ముతావా? రేపు పొద్దున ఆరింటికి కట్ట మీదికి రా. ఎండెక్కకముందే పని కావాలి.

అమ్మణ్ణి: రోవర్ తెస్తా.

పెదనాయన: తే. నా గొలుసు కూడా అటక మీది నుంచి దించుతా. మొరవ రాయి నుంచి పోరంబోకు హద్దు రాయి దాకా రెండూ వేసి చూద్దాం.

అమ్మణ్ణి: తేడా వస్తే నీ గొలుసు సాగిందని ఒప్పుకుంటావా?

పెదనాయన: ముందు హద్దు రాయి అక్కడ ఉందో లేదో చూడనీ.