అత్తో ప్లేటులో బర్మా ఎంత?

చెన్నై బీచ్ స్టేషన్‌కు దగ్గర్లోని సెకండ్ లైన్ బీచ్ రోడ్డులో సాయంత్రమయ్యేసరికి అత్తో, అంటే బర్మా నూడుల్స్ అమ్మే బళ్ల చుట్టూ జనం మూగుతారు. షావుకారుపేటలో సరుకు కొనడానికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన వ్యాపారులు, ఐటీ కుర్రాళ్లు, రీల్ చూసి వెతుక్కుంటూ వచ్చిన కాలేజీ పిల్లలు... తెలుగు మాటలకూ అక్కడ కొదవుండదు. "బర్మా తిండట, ఓ పట్టు పడదాం" అంటూ మొదలెట్టి, నాలుగు ముద్దలు తిన్నాక "బానే ఉందిరా, మన తిండిలానే ఉంది" అంటారు. వింత కోసం వచ్చి, వింతగా లేనందుకు సంతోషిస్తారన్నమాట.

బండివాడి చేతుల్ని గమనిస్తే కారణం తెలుస్తుంది. ఉడికించి రంగు కలిపిన నారింజ నూడుల్స్ గుప్పెడు తీసి గిన్నెలో వేస్తాడు. సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, ఉల్లిపాయ వేసి, నూనెలో వేయించిన కరకరలాడే బిళ్లల్ని, అంటే బేజోను, నలిపి పైన చల్లుతాడు. ఉప్పు, ఎండుమిర్చి కారం, చింతపండు రసం, వెల్లుల్లి వేయించిన నూనె... అన్నీ వేసి చేత్తోనే కలిపేస్తాడు. పక్కన మరుగుతున్న అరటి దూట సూపు ఓ గిన్నెడు పోస్తాడు. ఉడికిన గుడ్డు చీల్చి వేయించిన ఉల్లి, వెల్లుల్లి కూరి, పైన కాస్త పులుపు, కారం పడేసి ఇచ్చేది వేరే. దాన్ని మొత్తంగా నోట్లో పెట్టుకోవాలి, కొరికితే చొక్కా పాడవుతుంది. నా మటుకు నాకు నూడుల్స్ కన్నా ఆ గుడ్డే మేలు.

చింతపండు, ఎండుమిర్చి, వెల్లుల్లి లేని తెలుగు వంటిల్లు ఏది? అన్నీ తినగల జీవికి కొత్త తిండంటే ఆశా ఉంటుంది, భయమూ ఉంటుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ 1976లోనే ఈ సందిగ్ధం గురించి రాశారు. తెలిసిన పులుపూ కారమూ తగిలితే ఆ భయం సగం పోతుంది.

ఇంతకీ ప్లేటులో లేనిదేమిటి? ఆ దూట సూపుకు మూలం మొహింగా. బర్మాలో మొహింగా అంటే చేపల పులుసులో బియ్యపు నూడుల్స్. అరటి దూట అందులో ఒక భాగం మాత్రమే. చెన్నై బండి మీద చేప మాయమై దూట మిగిలింది. చేపల్నో రొయ్యల్నో ఉప్పేసి ఊరబెట్టి చేసే ఙపి బర్మా వంటకు ప్రాణం. ఇక్కడ దాని జాడే లేదు.

ఈ మార్పు చేసినవాళ్లకు వేరే దారి లేదు. 1962లో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి. లక్షకు పైగా భారతీయులు ఉన్నదంతా వదిలేసి మద్రాసు, విశాఖ ఓడలెక్కారు. అలా తిరిగొచ్చినవాళ్ల కోసమే 1969లో చెన్నైలో బర్మా బజారు అనే దుకాణాల వరస వెలిసింది. రేపటి కూడు కోసం బండి పెట్టుకున్నవాడు కొనేవాడి నాలుకకు తగ్గట్టే వండాలి కదా!

ఆ ఓడల్లో మనవాళ్లూ ఉన్నారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కూలికి రంగం (రంగూన్) పోయినవాళ్లు ఒకప్పుడు వేలకు వేలు. రంగూన్ ఓడరేవు పనిలో పెద్ద వాటా వాళ్లదే. 1930 మేలో అక్కడ చెలరేగిన అల్లర్లు ఆ తెలుగు కూలీల సమ్మె నుంచే పుట్టాయి. అత్తో తింటూ "బర్మా ఎక్కడో" అనుకునే మన కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇదే ఊళ్లోని కొరియా హోటళ్లు చూడండి. శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ ఫ్యాక్టరీలో 1998లో కార్ల తయారీ మొదలైంది. కొరియా ఇంజినీర్లు, వాళ్ల కుటుంబాలతో పాటు వాళ్ల వంటా దిగింది. ఆ హోటళ్లకు జీతాలున్న సొంత గిరాకీ ఉంది కాబట్టి మన కోసం కిమ్చీ వాసన తగ్గించుకోవాల్సిన అవసరం రాలేదు. సర్దుకున్నది మనమే. పులిసిన క్యాబేజీని కర్రపుల్లలతో పట్టుకుని "ఇదీ అసలైన కొరియా రుచి" అని ఫొటో పెడతాం. అదే అత్తోలో ఙపి కలిపితే, ఇంట్లో ఎండుచేపల పులుసు లొట్టలేసుకుంటూ తినేవాళ్లం కూడా ముక్కు మూసుకుని పక్క బండికి పోతాం.