బాగానే ఉంది

శుక్రవారం సాయంత్రం లండన్ క్లయింటు నుంచి మెయిలొచ్చింది. నెల రోజులు చచ్చీచెడీ చేసిన రిపోర్టు మీద ఆయన రాసింది రెండే ముక్కలు: "క్వైట్ గుడ్."

అంతకు ముందు మూడేళ్లు అమెరికా వాళ్లతో పనిచేసినవాణ్ణి. వాళ్లు క్వైట్ గుడ్ అన్నారంటే చాలా బాగుందనే. ఇంకేం, టీమ్ అందరికీ బిర్యానీ చెప్పేశాను. నాలుగు ఫ్యామిలీ ప్యాకులు, పైన డబుల్ కా మీఠా. డబ్బులు నావే.

సోమవారం కాల్‌లో ఆయన ఎంతో మర్యాదగా నలభై రెండు మార్పులు చదివాడు. పదిహేనో మార్పు దగ్గర మా లీడ్ నాకు చాట్‌లో పెట్టారు: "బ్రిటిష్ వాళ్ల క్వైట్ గుడ్ అంటే పర్లేదు, ఓ మోస్తరు అని. బిర్యానీకి ముందు నన్నడగాల్సింది."

సరే, క్వైట్ అంటే ఓ మోస్తరు. బుర్రలో రాసుకున్నాను. చివర్న క్లయింటు జాలిపడి, "ఇవన్నీ ఈ శుక్రవారానికి చేయడం క్వైట్ ఇంపాజిబుల్ అనుకుంటా" అన్నాడు. ఓ మోస్తరు అసాధ్యమేగా! "నో నో, ఓన్లీ క్వైట్! వుయ్ విల్ డూ ఇట్" అనేశాను.

కాల్ కట్ అయ్యాక లీడ్ తల పట్టుకున్నారు. "గుడ్‌లో ఎక్కువ తక్కువలుంటాయి, అక్కడ క్వైట్ తగ్గిస్తుంది. ఇంపాజిబుల్‌లో ఏముంటాయయ్యా? అక్కడ పూర్తిగా అనే అర్థం. మనిషి ఓ మోస్తరుగా చచ్చిపోయాడంటామా?"

అసలు ఆ మాటకి పాత అర్థమే పూర్తిగా అని. మోస్తరు అర్థం తర్వాత వచ్చి చేరిందట. ఈ చరిత్రంతా మంగళవారం రాత్రి రెండింటికి, ఇరవయ్యో మార్పు చేస్తూ డిక్షనరీలో చదువుకున్నాను. అంతకన్నా మంచి టైము దొరకలేదు.

బుధవారం ఇంటికొచ్చేసరికి గుత్తివంకాయ ఘుమఘుమలాడుతోంది. నాలుగు ముద్దలు తిన్నాక మా ఆవిడ అడిగింది.

"ఎలా ఉందండీ?"

నిద్రమత్తులో ఉన్నానా, "బాగానే ఉంది" అన్నాను.

గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. "బాగా'నే'నా?"

ఆ 'నే' విన్నాక గానీ లండన్ ఆయన నాకు పూర్తిగా అర్థం కాలేదు. బాగుంది అంటే సరిపోయేది. మధ్యలో ఆ ఒక్క అక్షరం దూర్చి కూర పరువు తీశాను. "అంటే... క్వైట్ గుడ్ అని, అమెరికా లెక్కలో..." అని ఏదో సర్దబోయాను.

గురువారం క్యారేజీ విప్పితే పెరుగన్నం. పక్కన ఆవకాయ బద్ద కూడా లేదు.