విశ్వాసానికి తూకం రాళ్లు

మా సంఘంలో విశ్వాసం పెరుగుతోంది. ఊరికే అనడం లేదు, నా దగ్గర కాగితం ఉంది.

చిలకలగూడ వైపున్న మా చర్చికి ఈ ఏడాది పైనుంచి ఒక ఫారం వచ్చింది. సభ్యులెందరు, బాప్తిస్మాలెన్ని, పెళ్లిళ్లెన్ని, చందా బాకీలెంత అనే పాత గళ్ల కింద కొత్తగా రెండు గళ్లు గీశారు. ఒకటి ‘ఆత్మీయ వృద్ధి, అంకెల్లో’. రెండోది ‘సంతోషం, అంకెల్లో’. ముప్ఫయ్యేళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కమిటీ ఆ ఫారాన్ని నా చేతిలో పెట్టి, ‘ప్రార్థనాపూర్వకంగా నింపన్నా’ అంది. ప్రార్థన సంగతి వాళ్లు చూసుకుంటామన్నారు. నింపడం నా వంతు.

లేఖనాల్లో విశ్వాసానికి చెప్పిన కొలత ఆవగింజ. అంత ఉంటే కొండ కదులుతుందట. కానీ ఆడిట్‌కి ఆవగింజ పనికిరాదు. పైగా మన ఊళ్లో బంజారాహిల్స్ దగ్గర్నుంచి ఏ కొండ కదిలినా అది జేసీబీల వల్లే కదిలింది గాని, విశ్వాసం వల్ల కదిలినట్టు రికార్డు లేదు. అందుకని నేనే సొంతంగా కొన్ని తూకం రాళ్లు తయారుచేసుకున్నాను.

మొదటిది, రాకడ. ఆరాధన ఎనిమిదిన్నరకని బోర్డు మీద ఉంటుంది. ఎనిమిదిన్నరకే మొదలవుతుంది కూడా. పాస్టరు గారు, పాస్టరమ్మ గారు, మైకు సరిచేసే కుర్రాడు, నేను ఉంటాం. మిగతావాళ్ల రాకడ ఏ దినమో ఏ గడియో తండ్రికే ఎరుక. అయితే పదేళ్ల కింద జనం సరిగ్గా ఆశీర్వచనానికి, అంటే పదిన్నరకు వచ్చేవారు. ఇప్పుడు తొమ్మిదీ నలభైకల్లా, ప్రసంగం మొదలవుతుండగా వచ్చేస్తున్నారు. ఏడాదికి అయిదు నిమిషాల ప్రగతి. ఈ లెక్కన ఇంకో పధ్నాలుగేళ్లకు మొదటి కీర్తనకే సంఘమంతా హాజరవుతుంది, ఈలోపు ప్రభువు రాకడ కాస్త ఆలస్యమైతే. బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది, విక్టోరియా రాణి ఇచ్చిన సొమ్ముతో కట్టింది. 1983 నవంబరు 20న, తన పెళ్లిరోజున, ఎలిజబెత్ రాణి అక్కడికి ఆరాధనకు వచ్చింది. సమయానికే వచ్చి ఉంటుంది. ఆవిడ మా సంఘ సభ్యురాలు కాదు కదా.

రెండో తూకం రాయి చెప్పులు. మా చర్చిలో బెంచీలున్నా చెప్పులు బయటే విడుస్తాం. ఒకప్పుడు చెప్పులు పోయేవి కావు, పోవడానికి ఉంటే కదా. నలభై జతలు ఉండేవి, ఏది ఎవరిదో అందరికీ తెలిసేది. ఇప్పుడు మెట్లు దాటి, వేపచెట్టు దాటి, పక్కింటివాళ్ల గేటు దాకా పరుచుకుంటున్నాయి. పోయిన నెలలో నా కొత్త చెప్పులు పోయాయి. ఇంటికి వట్టి కాళ్లతో నడిచొస్తే మా ఆవిడ ‘ఏమైంది’ అంది. ‘సంఘం వృద్ధి చెందింది’ అన్నాను.

పాటల విషయంలో వృద్ధి చెవులకే తెలుస్తుంది. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మా కీబోర్డు కుర్రాడు ఇంటర్ సెకండియర్. అతనికి రాగాల మీద గౌరవమే గాని పరిచయం లేదు, తాళం మాత్రం ఒకే ఒక్కటి తెలుసు. శ్రమదినాల పాటైనా, పెళ్లి పాటైనా, అంత్యక్రియల పాటైనా ఆ దరువు మీదే నడవాలి. మొదట్లో ముందు వరస అవ్వలు చెవుల్లో దూది పెట్టుకుని కమిటీకి ఫిర్యాదు రాశారు. ఇప్పుడు దూది తీసేశారు, చప్పట్లు కొడుతున్నారు. వాళ్లలో ఒకావిడ ఆ కుర్రాడికి పరీక్ష రోజుల్లో గుడ్లు ఉడకబెట్టి పంపింది. ఫిర్యాదు మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. కాబట్టి నా పట్టికలో ‘అపరిష్కృతం’ అనే ఉంచాను.

దేవుడు చేసిన మేలును మైకులో చెప్పుకునే సాక్ష్యాల గురించి ఎక్కువ చెప్పను. రెండు నిమిషాలని నియమం. వీసా వచ్చినవాళ్లు పన్నెండు నిమిషాలు తీసుకుంటారు, బోరులో నీళ్లు పడ్డవాళ్లు పదిహేను. మొన్న ఒకాయన మైకు దగ్గరికొచ్చి ‘నిద్ర పడుతోంది, స్తోత్రం’ అని వెళ్లి కూర్చున్నాడు. అంతకు ఆరు నెలల ముందు ఆయన భార్య పోయింది. నాలుగు సెకన్ల సాక్ష్యాన్ని ఏ గడిలో వేయాలో తోచక వదిలేశాను.

ఇక రెండో గడి, సంతోషం. దీనికి హైదరాబాద్‌లో సహజమైన కొలత బగారా అన్నం. దీన్ని నేను కనిపెట్టలేదు. గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరంలో సువార్తికుడు భక్తసింగ్ గారి కాలం నుంచీ ఆరాధన అయ్యాక అందరూ కింద కూర్చుని ప్రేమ విందు తినడం ఆచారం. ఆయన 2000 సెప్టెంబరులో కన్నుమూశారు, పంక్తి మాత్రం లేవలేదు. మా చర్చిలో పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌లతో ఈ కొలత చేతికందకుండా పోయింది. ‘సెమీ’ అంటే సగమని అర్థం. స్త్రీల సమాజం వారి సగం, యవనస్థుల సగం, సండే స్కూలు సగం, కాలనీవాళ్ల సగం కలిసి డిసెంబరు 25 నాటికే రెండు క్రిస్మస్‌లు అవుతున్నాయి. అసలు పండగ రోజున పొద్దున పాస్టరు గారి గొంతు, మధ్యాహ్నం నా కడుపు పనిచేయడం మానేస్తున్నాయి.

మిఠాయి కూడా ఒక కొలతే. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్లలో మొదటిసారిగా. మా సంఘ పెద్ద ఒకాయనకు కాథలిక్కైన వియ్యంకుడితో ఇరవయ్యేళ్లుగా మరియమ్మ గురించి వాదన. ఆయనే ఆ రోజు రెండు కిలోల లడ్డూలు తెచ్చి వీధంతా పంచాడు. ‘ఏంటన్నా, పార్టీ మారావా’ అంటే, ‘వాదన వాదనే, మనోడు మనోడే’ అన్నాడు. రెండు కిలోలని రాసుకున్నాను.

ఐక్యత దగ్గరే లెక్క కాస్త తేడా కొట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం అయ్యారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నలభైమూడు రోజులకు. అన్ని సంఘాలు కలవగలిగాయి గాని, మా కమిటీలో రెండు ప్యానెళ్లు కలవడం లేదు. కరువులో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర తలపెట్టిన మెదక్ గుడి పదేళ్లలో పూర్తయి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. మా వంటగది మీద రేకుల షెడ్డు గురించి చర్చ పదకొండో ఏట నడుస్తోంది. ఒక ప్యానెల్ నీలం రేకులంటుంది, ఇంకో ప్యానెల్ ఎర్ర రేకులంటుంది. వానొస్తే రెండు ప్యానెళ్లూ ఒకే గొడుగు కింద గంటె తిప్పుతాయి.

ఈ రెండు ప్యానెళ్లూ మనస్ఫూర్తిగా తలపడేది కోత పండుగ వేలంలో. మా సంఘంలో సెంటు భూమి సాగు చేసేవాడు ఒక్కడూ లేడు. అయినా కోత పండుగ ఘనంగా జరుగుతుంది. తెల్లారకముందే మోండా మార్కెట్‌కి వెళ్లి, బేరమాడి కొని, ప్రథమఫలాలని బలిపీఠం ముందు పెడతాం. ఒకరు పెట్టిన అనాసపండు మీద సూపర్ మార్కెట్ స్టిక్కరు అలాగే ఉంది, ఆఫర్‌తో సహా.

మొన్నటి వేలంలో మేడ మీద కుండీలో కాసిన ఒక గుమ్మడికాయ వచ్చింది. మా మొత్తంలో నిజంగా కోసిన పంట అదొక్కటే. యాభై రూపాయలతో పాట మొదలైంది. నీలం ప్యానెల్ నాయకుడు అయిదొందలన్నాడు, ఎర్ర ప్యానెల్ నాయకుడు వెయ్యి అన్నాడు. ఆరువేల దగ్గర ఇద్దరి భార్యలూ ఒకేసారి లేచి నిలబడ్డారు. పదకొండువేల అయిదొందలకు ఎర్ర ప్యానెల్ పాడుకుని, గెలిచిన ఊపులో కాయను మళ్లీ సంఘానికే ఇచ్చేసింది. మళ్లీ వేలం వేస్తే తొమ్మిదివేలకు నీలం ప్యానెల్ దక్కించుకుని, తామేం తక్కువ తిన్నామని వాళ్లూ ఇచ్చేశారు. మూడోసారి ఎవరూ నోరెత్తలేదు. ఇరవైవేల అయిదొందలు సంపాదించిపెట్టిన ఆ గుమ్మడికాయ చివరికి దాల్చాలోకి వెళ్లింది. రుచి మామూలుగానే ఉంది.

ఆ తర్వాత నాటుకోడి పెట్ట వచ్చింది. వేలం పాడించే అన్న మంచి హుషారులో ఉన్నాడు. ‘అసలు సిసలు నాటుకోడి! సిద్దిపేట నుంచి బస్సుల వచ్చింది. ఎవరు పెడ్తున్నరు?’

వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఇడ్లీ బండి అక్క చెయ్యెత్తింది. ‘ఇరవై’ అంది.

‘ఏందక్కా, ఇరవయ్యా? దాని బస్సు టికెట్టే వంద!’

‘నా కాడ ఇరవయ్యే ఉన్నయ్ బిడ్డా. బోణీ జెయ్యాలె గద, జేసిన. పెంచండి మీరు’ అని నవ్వింది.

ఎవరూ పెంచలేదు. ఈ ఘటనను నేను ఎంతో విచారంతో నమోదు చేస్తున్నాను. నీలం ప్యానెల్ నాయకుడు తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఎర్ర ప్యానెల్ నాయకుడు, చెప్పులు బయటే విడిచి వచ్చిన మనిషి, వంగి చెప్పుల బెల్టు సరిచేసుకుంటున్నాడు. గుమ్మడికాయ దగ్గర అయిదేసి నిమిషాలు సాగదీసిన వేలం అన్న, ఒకటోసారి రెండోసారి మూడోసారి అన్నీ ఒక్క ఊపిరిలో కలిపేసి కోడిని ఆమె చేతుల్లో పెట్టేశాడు. కీబోర్డు కుర్రాడు ఎవరూ అడక్కుండానే తన దరువు మొదలుపెట్టాడు. అవ్వలు చప్పట్లు. ఆ అక్క కోడిని సంకన పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ, ‘అరె, నిజంగనే ఇచ్చిండ్రా’ అని నలుగురినీ అడిగింది.

బజారులో పదిహేను వందలు తక్కువ కాని కోడి. పట్టికలో ‘వేలం నష్టం: 1,480’ అని ఎర్ర ఇంకుతో రాశాను. వచ్చే ఏడాది నుంచి కనీస పాట వంద రూపాయలుగా నిర్ణయించాలని సిఫార్సు కూడా చేశాను. రెండు ప్యానెళ్లూ కలిసి, పదకొండేళ్లలో మొదటిసారి ఏకగ్రీవంగా, నా సిఫార్సును తిరస్కరించాయి.

ఈ అక్కే ప్రతి బుధవారం ఇంకో ముగ్గురిని వెంటేసుకుని, టిఫిన్ డబ్బాలతో గాంధీ ఆస్పత్రికి వెళ్తుంది. పేషంట్లతో వచ్చి బయట చెట్ల కింద పడుకునేవాళ్లకు ఇడ్లీలు పెట్టి, అడిగినవాళ్లకు ప్రార్థన చేసి వస్తుందని విన్నాను. ఎప్పటి నుంచి, ఎందరికి అని అడిగితే ‘ఎవరు లెక్కవెట్టిండ్రు’ అంది. రిజిస్టర్‌లో సంతకాలు లేనందున ఆ కార్యక్రమాన్ని ఫారంలో చేర్చే వీల్లేకపోయింది.

పోయిన ఆదివారం ఫారం పూర్తి చేసి కవరులో పెట్టాను. కానుకల పాట అయ్యాక ఖజానాదారు సంచి విప్పబోయి, ‘అన్నా, ఒక్కసారి రా’ అని పిలిచాడు. నోట్లు, చిల్లర, ఎవరో పొరపాటున వేసిన మెట్రో టోకెన్. వాటి మధ్య చేతిరుమాల్లో చుట్టిన కోడిగుడ్డు. పగల్లేదు. ఇంకా కాస్త వెచ్చగా ఉంది.

‘ఏ పద్దులో రాయమంటావన్నా?’

చందా కాదు, దశమభాగం అనడానికి ఆ కోడి ఇంకా పది పెట్టిందో లేదో తెలియదు. కవరు చింపి ఫారం బయటికి తీశాం. కమిటీ అప్పటికప్పుడు అక్కడే కూర్చుంది. గుడ్డును వేలం వేయాలని నీలం ప్యానెల్, కుర్రాడికి ఉడకబెట్టి ఇవ్వాలని ఎర్ర ప్యానెల్. చర్చ ఇంకా నడుస్తోంది. నిన్న సంచిలో ఇంకోటి వచ్చింది.