పచ్చ కిట్టా, స్లైడా?

టంగుటూరు దగ్గర ఒక ఆసుపత్రి. పొగాకు గ్రేడింగ్ రోజులు.

సిస్టరక్క: ఒకామె తెల్లబట్ట అంది, దానికిచ్చే ఆకుపచ్చ మందుల కిట్ ఇచ్చా. సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రలు రెండూ అందులోనే ఉండాయి. ఏ క్రిమైనా ఏదో ఒకటి తగలకపోదు.

ల్యాబ్ అమ్మాయి: ఆమె రావడం ఇది మూడోసారి అక్కా. నెల తప్పిందేమో అడిగారా?

సిస్టరక్క: కడుపుతో ఉందేమో అడక్కుండా ఫ్లూకోనజోల్ ఇస్తానా? వేడి చేసుంటుందిలే. మా అమ్మ సబ్జా నీళ్లతోనే తగ్గించేది.

ల్యాబ్ అమ్మాయి: మీ అమ్మ తగ్గించింది జబ్బే అయ్యుండదు. నెల మధ్యలో జిగటగా కావడం మామూలే. పేరు మాత్రం సబ్జాకి!

సిస్టరక్క: సబ్జాను ఏమన్నా అంటే ఊరుకోను.

ల్యాబ్ అమ్మాయి: సరే, అనను. విరిగిన పాలలా ఉండి దురద పెడితే ఈస్ట్ అనే ఫంగస్, చేపల వాసనొస్తే బ్యాక్టీరియా పెరిగే బ్యాక్టీరియల్ వెజినోసిస్, పచ్చగా నురగొస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అని చదువుకున్నాం. మనిషి దగ్గరికొచ్చేసరికి అన్నీ కలగలిసిపోతాయి. అందుకే ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం. ఈస్ట్ ఒక్కటే అయితే సాధారణంగా 4.5 దాటదు. వెజినోసిస్ అయితే 4.5 దాటాలి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే గుప్పున చేపల వాసన రావాలి. సెలైన్ చుక్కలో బ్యాక్టీరియా మూగి అంచులు చెదిరిన కణాలు కనబడాలి, అవే క్లూ సెల్స్. పల్చటి స్రావంతో కలిపి ఈ నాలుగింటిలో మూడుంటే వెజినోసిస్ అని 1983లోనే అమ్సెల్ వాళ్లు చెప్పారు. ట్రైకోమోనాస్ అయితే అదే చుక్కలో గిలగిల ఈదుతుంది. అప్పుడు మొగుడికీ మందు పడాలి, లేకుంటే మళ్లీ ఈమెకే. ఈస్ట్ తిరగబెడుతుంటే షుగర్ చూడాలి. కిట్ మీకివి చెప్తుందా?

సిస్టరక్క: కాసేపాగితే ఆ ఈత ఆగిపోతుందని నువ్వే అన్నావు. నువ్వు భోజనం చేసొచ్చేసరికి కదలదు. వెంటనే చూసినా దొరక్కపోవచ్చు. కనబడలేదని జబ్బు లేదంటామా?

ల్యాబ్ అమ్మాయి: ...అనలేం.

సిస్టరక్క: రేపు రమ్మంటే ఆమెకు కూలి పోతుంది. లోపల పరీక్షంటేనే సిగ్గుపడి లేచిపోతారు.

ల్యాబ్ అమ్మాయి: రేపెందుకు? దూది పుల్లతో స్వాబ్ ఆమే తీసుకుని ఇవ్వొచ్చు. తెమడ చూసే మైక్రోస్కోపే చాలు, పది నిమిషాల పని.

సిస్టరక్క: పొటాషియం సీసా ఉందా?

ల్యాబ్ అమ్మాయి: అయిపోయింది. ఇండెంట్ పెట్టా.

సిస్టరక్క: చూశావా!

ల్యాబ్ అమ్మాయి: సెలైన్ ఉంది, కాగితం ఉంది. ఆమె ఇంకా వేపచెట్టు కిందే ఉంది. కిట్ విప్పలేదు, కొంగున ముడేసుకుంది.

సిస్టరక్క: అయితే పిలువు. స్లైడ్ చూసిందాకా నీకు భోజనం లేదు.