నలుపు తెలుపు గళ్ల దొరవారికి

శ్రీయుత క్యూఆర్ కోడ్ గారికి,

సీతమ్మధార నుంచి ఒక పాత బీరువా యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నా బ్యాంకు ఖాతాకి మాత్రం మొన్న మంగళవారం మధ్యాహ్నం నుంచి కాస్త నలతగా ఉంది. తమరికి తెలియని సంగతి కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక తమరి పుట్టుపూర్వోత్తరాలు చదివాను. 1994లో జపాన్‌లో పుట్టారట. కార్ల విడిభాగాల లెక్క తేల్చడానికి తమర్ని తయారుచేశారట. అంత పద్ధతైన ఇంట్లో పుట్టి, మా వీధిలో వేపచెట్టు కింద నిలబడి ఉన్న బీరువా సాక్షిగా తమరు చేసిన పనేమిటండీ?

బీరువా అమ్ముతానని ప్రకటన పెట్టాక వచ్చిన మిగతావాళ్ల గురించి ఎక్కువ చెప్పను. రాత్రి పన్నెండింటికి 'ఉందా?' అని అడిగి, 'ఉంది' అనగానే మాయమైనవాడొకడు. ఫొటో అయినా చూడకుండా 'లాస్ట్ ఎంత?' అన్నవాడొకడు. బీరువా ఇస్తే లవ్‌బర్డ్స్ జత ఇస్తానని, పంజరం ఉచితమని ఒకాయన. అప్పుడు విసుక్కున్నాను కానీ, వాళ్లంతా ఎంత పెద్దమనుషులో తర్వాత తెలిసింది.

తమర్ని పంపినవాడు ఆర్మీ ఆఫీసరు. అలాగని వాడే హిందీలో చెప్పాడు, గుర్తింపు కార్డు ఫొటో కూడా పెట్టాడు. వైజాగ్ కంటోన్మెంట్‌కి బదిలీ అయిందట, సామాను కొనుక్కుంటున్నాడట. 7,500 అన్నాను, సరే అన్నాడు. బేరమాడలేదు. బీరువా తలుపు తీసి చూస్తానని కూడా అనలేదు. మూడింటికి యూనిట్ బండి వస్తుంది, కిందికి దింపి ఉంచండి అన్నాడు. మా పై పోర్షన్లో ఉండే రిటైర్డ్ నేవీ ఆయన 'మన ఊళ్లో కంటోన్మెంట్ ఎక్కడుంది మాస్టారూ? ఆ పేరుతో పేట విజయనగరంలో కదా ఉంది!' అన్నారు. అన్నది బుధవారం. తూర్పు నౌకాదళం ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ ముక్క మంగళవారమే నాకు తట్టాల్సింది.

కళాసీలు ఇద్దరు వచ్చి రెండో అంతస్తు నుంచి బీరువా దింపారు. 600 తీసుకున్నారు. అప్పుడు దయచేశారు తమరు, నా వాట్సాప్‌లోకి. 'సార్, ముందు 5 రూపాయలతో టెస్ట్ చేద్దాం, స్కాన్ చేయండి.' చేశాను. 5 పోయి 10 వచ్చాయి. మిలిటరీ అకౌంట్ అంతేనట, మనం ఎంత పంపితే అంతకి రెట్టింపు తిరిగొస్తుందట. కాబట్టి 7,500 స్కాన్ చేస్తే 15,000 వస్తాయి, చేతిలో మిగిలేది 7,500. లెక్క సరిగ్గా సరిపోయింది. 31 ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కదా, తప్పు పట్టలేకపోయాను. పిన్ కొట్టాను. బీరువా తలుపుకున్న నిలువుటద్దంలో ఒక పెద్దమనిషి చెమటలు కక్కుతూ, నవ్వుతూ, పిన్ కొడుతూ కనిపించాడు.

ఏమాటకామాటే, తెర మీద తమరు అబద్ధమాడలేదు. 'చెల్లిస్తున్నారు' అని శుభ్రమైన తెలుగులోనే ఉంది. చదివాను కూడా. ఎవరో ఆఫీసరు నాకు చెల్లిస్తున్నాడనుకున్నాను.

15,000 రాలేదు. టెక్నికల్ ప్రాబ్లమ్, ఇంకో 7,500 కొడితే మొత్తం కలిపి వచ్చేస్తాయన్నాడు. మా ఆవిడ 'ఏవండీ, అమ్మేది మనమా, వాడా?' అని ఫోను లాక్కుంది.

నేను మింగలేనిది డబ్బు పోయిన సంగతి కాదు. రోజూ ఉదయం మద్దిలపాలెంలో టీ తాగుతాను. బండి మీద, పంచదార డబ్బా పక్కన తమరు అట్టముక్క మీద వేలాడుతుంటారు. నేను స్కాన్ చేస్తాను, నేను పిన్ కొడతాను, డబ్బు ఆయనకి పోతుంది. ఇన్నేళ్లలో ఆ టీ ఆయన నా 15 రూపాయలు తీసుకోవడానికి ఒక్కసారైనా స్కాన్ చేశాడా? పిన్ కొట్టాడా? ఫోను ముట్టుకున్న పాపాన కూడా పోలేదు, పాలు కాచుకుంటూ నిలబడతాడు, డబ్బే వచ్చి పడుతుంది. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ అమ్మేవాడు, రైతు బజార్లో ఆకుకూరలమ్మ, చెప్పులు కుట్టే తాత, ఒక్కరు, ఒక్కరు కూడా డబ్బు పుచ్చుకోవడానికి పిన్ కొట్టలేదు. పిన్ నా డబ్బు బయటికి పోవడానికి తీసే తాళమని రోజుకి పదిసార్లు నా కళ్ల ముందు చూపించారు. అయినా ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో తెలుసా? వీళ్లంతా నిజాయితీపరులు కాబట్టి, నువ్వు కనపడితే చాలు ఫోను తీసి వంగడం నా చేతికి అలవాటైపోయింది. ఆ అట్టముక్కల మీద వాళ్లు సంపాదించిన నమ్మకాన్ని నువ్వు మోసుకెళ్లి ఆ దొంగ వెధవ చేతిలో పెట్టావు. సిగ్గు లేదా నీకు? దొంగకీ ఆకుకూరలమ్మకీ ఒకే మొహం వేసుకుని తిరుగుతావా?

క్షమించాలి. 'తమరు' అనడం ఎక్కడో జారిపోయింది.

నీకు తోడుబుట్టినదొకటి ఉండేది, కలెక్ట్ రిక్వెస్ట్ అని. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు డబ్బు అడుగుతున్నట్టు ఫోన్లో గంట కొట్టేది. మనుషుల మధ్య దాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. తలుపు మూశారు కదాని నిశ్చింతగా ఉన్నాను. నువ్వు కిటికీలోంచి వచ్చావు.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాను. ట్రాన్సాక్షన్ నంబరు అడిగారు, ఏ బ్యాంకు, ఎంత అని అడిగారు. 'ఎంతసేపయింది సార్?' అన్నారు. డబ్బు ఖాతా నుంచి ఖాతాకి దొర్లిపోయేలోపే ఆపాలట. గంటన్నర అయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఆ గంటన్నరా ఆఫీసరుగారికే ఫోన్ మీద ఫోన్ చేస్తూ కూర్చున్నాను మరి, బండి దారి తప్పిందేమోనని!

ఈలోగా వాన. బీరువా మీద దుప్పటి కప్పి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. దారినపోయేవాళ్లందరూ ఎంతకిస్తారని అడిగారు. చీకటి పడ్డాక మళ్లీ కళాసీలు. దింపినప్పటి 600 ఎక్కించేటప్పటికి 800 అయింది. అవీ నీ ద్వారానే కట్టాను.

బుధవారం పొద్దున్న టీ బండి దగ్గర నీ వైపు చూడకుండా 500 నోటు తీశాను. 'సిల్లర నేదు బాబూ, స్కాన్ సేసేండి' అన్నాడాయన. చేశాను.

ఈ ఉదయం గాజువాక నుంచి ఒకాయన వాళ్ల బావమరిదితో సహా వచ్చాడు. తలుపులు తీసి మూశాడు, లాకరు తాళం నాలుగుసార్లు తిప్పి చూశాడు, వెనక రేకు మీద వేళ్లతో కొట్టాడు, తుప్పు చూపించి వెయ్యి తగ్గించాడు. ఆ వెయ్యి ఎంత హాయిగా వదులుకున్నానో! 'కోడ్ చూపించండి సార్' అన్నాడు. నా ఫోన్లో నా కోడే తెరిచి, బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆయన స్కాన్ చేశాడు, ఆయనే పిన్ కొట్టాడు. 'కొట్టేశాను, మెసేజ్ వచ్చిందా?' అన్నాడు. మెసేజ్ వచ్చింది. అయినా బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ రెండుసార్లు చూసేదాకా తాళాలు ఇవ్వలేదు.

ఆయనేమీ అనుకోలేదు. బావమరిది మాత్రం కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు.

ఇట్లు,
తమరి నిత్య వినియోగదారుడు