సర్వర్ గది ఎంత చల్లగా ఉంటే అంత భద్రమా?

"డేటా సెంటర్‌లో కరెంటు పొదుపు అంటే సర్వీసుతో చెలగాటమే" అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. గది ఎంత చల్లగా ఉంటే సర్వర్లకు అంత మంచిదట. బ్యాకప్ పరికరాలు ఎన్ని పేరిస్తే అంత భద్రమట. డీజిల్ జనరేటర్ ఉంటే ఇక దిగులే లేదట. ఎండా గాలీ చూసుకుంటూ, అంటే సౌర, పవన విద్యుత్ దండిగా దొరికే వేళను బట్టి, కంప్యూటర్లు నడపడం అయ్యే పని కాదట. రాసినవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. సర్వీసు ఆగితే అర్ధరాత్రి ఫోన్ ఎవరికి మోగుతుందో తెలుసు, ఆ టెన్షన్ నేనూ పడ్డాను. అయినా ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

ముందు చల్లదనం సంగతి. ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే 2004లో సర్వర్లకు 20 నుంచి 25 డిగ్రీలు సిఫారసు చేసింది. 2008లో దాన్ని 18 నుంచి 27కు పెంచింది. ఇది గది మధ్యలో కొలిచేది కాదు, సర్వర్ ముందు నుంచి లోపలికి పోయే గాలి వేడి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. సర్వర్లు పేర్చే బీరువాలాంటి ర్యాక్ ఏదైనా చూసి, దాని ముందు నిలబడి, సర్వర్ లేని ఖాళీ గూడు దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. వెనక నుంచి వేడిగాలి ఆ సందులోంచి ముందుకు వచ్చి చేతికి తగులుతుంది. పక్క సర్వర్ మళ్లీ ఆ వేడినే పీల్చుకుంటుంది. అలారం మోగుతుంది. ఎవరో వచ్చి ఏసీని రెండు డిగ్రీలు తగ్గించి పోతారు. చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ఆ గూడుకు బ్లాంకింగ్ ప్యానెల్ అనే చిన్న మూత బిగిస్తే, వేడిగాలి దారిని, చల్లగాలి దారిని తలుపులు పెట్టి విడగొడితే, ర్యాక్ పైవరసకూ కిందివరసకూ ఒకే గాలి అందుతుంది. అప్పుడు ఏసీ డిగ్రీలను ధైర్యంగా పెంచొచ్చు, ఫ్యాన్లను నెమ్మది చేయొచ్చు. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే అది తాగే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. కరెంటు మిగిలింది, సర్వర్‌కు ఊపిరీ ఆడింది. రెండింటికీ పనికొచ్చింది ఆ మూతే.

వేడి పెరిగితే డిస్కులు పోతాయి కదా అంటారు. 2007లో గూగుల్ తన దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు బయటపెట్టింది. వేడి పెరిగేకొద్దీ డిస్కులు ఎక్కువగా పాడవుతాయన్న నమ్మకం అందులో రుజువు కాలేదు. బాగా ఎక్కువ వేడి దగ్గరే, అదీ పాతబడ్డ డిస్కుల్లోనే, ఆ ప్రభావం కనిపించింది. మరీ చల్లగా ఉన్నవే ఎక్కువ పాడయ్యాయి. అలాగని బయటి గాలిని గుడ్డిగా లోపలికి వదలమని కాదు. 2011లో అమెరికాలోని ప్రైన్‌విల్‌లో ఫేస్‌బుక్ డేటా సెంటర్‌లో కంట్రోల్ వ్యవస్థ తప్పడంతో తేమ విపరీతంగా పెరిగి, నీళ్లు పట్టి పవర్ సప్లైలు దెబ్బతిన్నాయి. తేమను డిగ్రీలంత జాగ్రత్తగానూ చూసుకోవాలి.

ఇక బ్యాకప్ పేర్చడం. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలన్న మాట నిజమే, అదెవరూ కాదనరు. కానీ రెండోది మొదటిదాని పక్కనే ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలోని పంగ్యోలో ఒక డేటా సెంటర్ బ్యాటరీలు తగలబడి, దేశమంతా వాడే కకావో యాప్ రోజుల తరబడి ఇబ్బంది పడింది. 2025 సెప్టెంబరులో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ బ్యాటరీలను వేరేచోటికి తరలించే పని జరుగుతుండగా మంటలు లేచి ఏడు వందలకు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ డేటాకు వేరేచోట కాపీ లేక అది పోయింది. కరెంటు పోయినప్పుడు కాపాడాల్సిన బ్యాటరీలే అక్కడ నిప్పుకు మూలం. పైగా అవసరానికి మించిన యూపీఎస్‌లు తక్కువ లోడు మీద నడుస్తుంటే వాటి సామర్థ్యం పడిపోతుంది, రోజూ కరెంటు వేడిగా పోతుంది. ఆ డబ్బుతో ఇంకో ఊళ్లో ఒక కాపీ పెట్టుకోవచ్చు.

డీజిల్ గురించి ఒక్కటే చెప్తాను. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఒక భవనంలో జనరేటర్ పైన, ఇంధనం పంపు బేస్‌మెంట్‌లో ఉన్నాయి. బేస్‌మెంట్ మునిగింది. మనుషులు బకెట్లతో డీజిల్‌ను 17 అంతస్తులు మోశారు. జనరేటర్ వద్దనడం లేదు. అది ఉందన్న ధీమాతో మిగతావి చూడకపోవడం గురించి అంటున్నాను.

ఎండా గాలీ చూసుకుని నడపడం అంటే బ్యాంకు చెల్లింపుల్ని సూర్యుడు వచ్చేదాకా ఆపడం కాదు. వీడియోల ప్రాసెసింగ్, బ్యాకప్‌లు లాంటి పనులు కొన్ని గంటలు ఆగినా ఎవరికీ నష్టం లేదు. శుభ్రమైన కరెంటు దండిగా ఉండే వేళకు అలాంటివాటిని జరుపుతున్నామని గూగుల్ 2020లోనే ప్రకటించింది. ఇది భరోసాకూ పనికొచ్చే విద్యే. 2022 జూలై 19న లండన్‌లో ఎండ 40 డిగ్రీలు దాటితే గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్లలో కూలింగ్ దెబ్బతింది. యంత్రాలు పాడవకుండా గూగుల్ కొంత భాగాన్ని తానే ఆపేసింది. ఏ పని ఆగొచ్చు, ఏ పని ఇంకో చోటికి పోవచ్చు అని ముందే విడగొట్టుకున్నవాళ్లకు అలాంటి రోజున చేతిలో దారి ఉంటుంది.

ఆ మెసేజ్‌లో నీళ్ల ఊసే లేదు, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. నీటిని ఆవిరి చేసి చల్లబరిస్తే కరెంటు బిల్లు తగ్గుతుంది, పీయూఈ అంకె, అంటే డేటా సెంటర్ మొత్తం వాడే కరెంటు అందులోని కంప్యూటర్లు వాడేదానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క, అందంగా కనిపిస్తుంది. పోయిన నీళ్లు ఆ అంకెలో కనిపించవు. మూసి ఉన్న పైపుల్లో గోరువెచ్చటి నీటినే చిప్‌ల మీదుగా తిప్పే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. ఆ నీళ్లు 30 డిగ్రీలు దాటినా సర్వర్‌కు ఇబ్బంది లేదు కాబట్టి, చాలా వాతావరణాల్లో వేడిని ఆవిరి లేకుండానే బయటి గాలికి వదిలేయొచ్చు. బాగా ఎండగా ఉన్న రోజున మాత్రం ఫ్యాన్లకు కరెంటు ఎక్కువ పడుతుంది. అక్కడ నీళ్లా, కరెంటా అన్నది ఆ ప్రాంతపు చెరువునూ గ్రిడ్‌నూ చూసి తేల్చుకోవాల్సిందే.