గ్రాంథికంలో అడిగితేనే పలికే ఫోను

టెక్నాలజీ మనుషుల్ని పాడు చేసేస్తోంది అని ఊరికే తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఓసారి పర్లాకిమిడిలో మా ఇంటికొచ్చి చూడండి, డెబ్బై రెండేళ్ల మా అమ్మకి ఈ యంత్రాలు ఎంత క్రమశిక్షణ నేర్పాయో, మా నాన్న బతికున్నంతకాలం చెయ్యలేని పని అది.

ముందు బీపీ మెషీను, విశాఖ నుంచి తమ్ముడు పంపాడు. దాంతో వచ్చిన కాగితం నేను శ్రద్ధగా చదివాను (మా ఇంట్లో కాగితం చదివేది నేనే, మిగతావాళ్లు డబ్బా దాచుకుంటారు). అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలంట, వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మాట్లాడకూడదు, మాట్లాడితే అంకె పెరిగిపోద్ది. మాట్లాడకూడదంట, మా అమ్మ! పట్టీ బుస్సుమని గాలి నింపుకుంటుంటే "ఒరే ఇది చెయ్యి పట్టీసిందిరా, పాలోడొచ్చినాడేటి, గేటు చూడు" అంది. 158. బతిమాలి నోరు మూయించి మళ్లీ పెడితే 136. అంటే మధ్యలో ఇరవై రెండు పాలవాడివన్నమాట. ఈ లెక్క డాక్టరుగారికి వివరంగా చెప్పాను, ఆయన ఓసారి నా బీపీ చూస్తానన్నారు.

తర్వాత వాచీ. రోజుకి 10,000 అడుగులు వెయ్యమంటుంది. ఈ పదివేలు ఏ వైద్యుడో పరిశోధించి చెప్పింది అనుకునేరు, 1965లో జపాన్‌లో ఓ కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోడానికి దానికి పదివేల అడుగుల మీటరు అని పేరెట్టింది, అంతే, అక్కణ్ణించి అది వేదవాక్కయిపోయింది. పైగా చేతికి కట్టిన వాచీకి కాళ్లు కనబడవు, చెయ్యి ఊపే తెలుస్తుంది. మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ పీట మీంచి లేవకుండా 1,400 అడుగులు నడిచింది. అదే సాయంత్రం రెండు చేతులా కూరల సంచులు మోసుకుంటూ బజారు నుంచి ఇంటిదాకా వస్తే, చెయ్యి ఊగలేదు కదా, వాచీ లెక్కలో ఆవిడ ఇంకా వంకాయల దగ్గరే ఉంది.

ఇంక ఫోను సంగతి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసి మా ఊరిని ఒడిశాకిచ్చారు, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. ఆ పని ప్రభుత్వం ఒక్కసారే చేసింది, టవర్లు రోజుకి పదిసార్లు చేస్తున్నాయి. మా వంటిల్లు ఒడిశా, డాబా ఆంధ్రా. బట్టలు ఆరెయ్యడానికి మెట్లెక్కితే చాలు, స్వాగతం అని మెసేజి వచ్చేస్తుంది, మా సొంత డాబాకి.

అయినా అసలు గొప్ప మేలు భాషకి జరిగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే ఊళ్లో పాఠాలు చెబుతూ, జనం మాట్లాడేదే తెలుగు, దాన్నే రాయండి మొర్రో అని పండితులతో ఏళ్ల తరబడి దెబ్బలాడారు. సవరల భాష కోసం కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది, క్వినైన్ మింగితే చెవుడొచ్చింది. ఆ చెవుడుతోనే సవర భాషకి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మా ఫోనుకి మైకులు రెండు.

మొన్న మా అమ్మ దాన్ని నోటి దగ్గరెట్టుకుని అడిగింది, "ఒలే పిల్లా, రేపు వానొచ్చీలాగుందేటి, వడియాలెట్టీమంటావేటి?" అది కాసేపు ఆలోచించి వీడియోలు చూపించింది.

"వీడియోలు కాదే, వడియాలు! నీకు సెవుడేటే?"

"క్షమించండి, నాకు అర్థం కాలేదు."

అప్పుడు మా అమ్మ లేచి, కొంగు సర్దుకుని, చిన్నప్పుడు బళ్లో పద్యం అప్పజెప్పినట్టు నిలబడి, ఒక్కో అక్షరం వత్తి పలికింది. "రేపు వర్షము కురియునా?"

"రేపు పాతపట్నంలో వర్షం పడే అవకాశం ఉంది" అంది ఫోను, ఎంతో వినయంగా.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గ్రాంథికం నడుస్తోంది. అలారం పెట్టాలన్నా, తమ్ముడికి ఫోను కలపాలన్నా "కలుపుము", "నిలుపుము". ప్రహరీ అవతల నుంచి పక్కింటి పిన్ని తల పైకెత్తి "ఏటప్పా, మీ ఇంటికి హరిదాసు గానీ వచ్చినాడేటి?" అనడిగింది కూడాను.

వడియాల మాటంటారా, "పాతపట్నం వాన నాకెందుకే, నా డాబా ఇక్కడుంటే" అని మా అమ్మ మర్నాడు పొద్దున్నే పెట్టేసింది. వాచీలో 900 అడుగులు పడ్డాయి. వాన మాత్రం నిజంగానే పాతపట్నంలో పడింది, డాబా మీద.